రైలు పట్టాల పక్కన పంచాయతీ

(గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మృతికి అంకితం చేసిన ఉపన్యాస పాఠం)

గుంతకల్లు నుంచి రాయచూరు వెళ్ళే మార్గంలో ఆదోని దాటాక కోసిగి స్టేషను వస్తుంది. ఆ దారిన పట్టాలు పడి నూట యాభై ఏళ్ళు గడిచిపోయాయి. మద్రాసు రైల్వే కంపెనీ వేసిన వాయవ్య మార్గం 1871లో రాయచూరు దగ్గర, బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. కంపెనీ పెట్టిన పెట్టుబడి మీద నూటికి 5 రాబడికి సర్కారు హామీ ఉండేది. దారి పొడవునా కావలసిన భూమిని సర్కారే ఉచితంగా సమకూర్చింది. అప్పుడు కోసిగి బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలోని ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు కర్నూలు జిల్లాలో కలిసింది. రైల్వే కూడా చేతులు మారుతూ వచ్చింది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1944లో ప్రభుత్వ యాజమాన్యం, 1951లో దక్షిణ రైల్వే, 1977లో గుంతకల్లు డివిజనుతో పాటు దక్షిణ మధ్య రైల్వే.

ఇన్ని మారాక ఇవాళ తేలిన లెక్క ఇది: ఊరి నడుమ సాగిపోయే ఆ పట్టాల మీద, స్టేషను మీద, సిబ్బంది ఇళ్ళ మీద పన్ను వేసే హక్కు ఊరి పంచాయతీకి లేదు.

రాజ్యాంగం 285వ అధికరణం మొదటి ఖండం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రం గానీ, రాష్ట్రంలోని ఏ స్థానిక సంస్థ గానీ పన్ను వేయకూడదు. పార్లమెంటు చట్టం చేసి అనుమతిస్తే తప్ప మినహాయింపు లేదు. ఢిల్లీలో ఉన్న పెద్ద కార్యాలయానికీ కోసిగి స్టేషనుకీ ఇదే సూత్రం. అయితే ఢిల్లీ నగరపాలక సంస్థకు ఇతర రాబడులు సవాలక్ష. గ్రామ పంచాయతీకి సొంత రాబడి అంటే మొట్టమొదట ఇంటిపన్ను. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇచ్చిన పన్నుల్లో ఏటా నమ్ముకోదగ్గది అదే. ఆస్తి బదిలీల సర్‌చార్జి ఊళ్ళో అమ్మకాలు జరిగితేనే వస్తుంది. ప్రకటనల పన్ను, కొలిచి అమ్మే సరుకు మీద వేసే కొలగారం వంటివి పశ్చిమ కర్నూలు మెట్ట ఊళ్ళలో ఏపాటి పలుకుతాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఇంటిపన్ను కట్టేది ఎవరు? వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి పోతారు. కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు, కొందరు బెంగళూరులో కట్టడం పనులకు, ఇంకొందరు కర్ణాటకలో పత్తి చేలకు. పిల్లల చదువు సగంలో తెగిపోకుండా బడుల్లో వలస కాలపు హాస్టళ్ళు తెరవాల్సి వచ్చే ప్రాంతమిది. నెలల తరబడి మూసి ఉన్న ఆ ఇంటి పేరు మాత్రం డిమాండు రిజిస్టరులో అలాగే ఉంటుంది. తిరిగి వచ్చాక బకాయితో సహా కట్టుకోవలసిందే. మట్టి మిద్దెకు పన్ను ఉంది. రాతికట్టు స్టేషనుకు లేదు. ఎవరి మీదా నెపం వేయడానికి చెబుతున్న మాట కాదిది, చట్టం గీసిన గీత అక్కడ ఉంది.

గీతకు ఒక కారణమూ ఉంది. సమాఖ్యలో ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వాన్ని పన్నుతో కుంగదీయకూడదన్న భావన 1819లో అమెరికా సుప్రీంకోర్టు మెకల్లాక్ వ్యాజ్యంలో చెప్పినప్పటి నుంచీ లోకమంతా పాకింది. మన దగ్గర 1935 భారత ప్రభుత్వ చట్టం 154వ సెక్షనులో చేరి, అక్కడి నుంచి 285లోకి వచ్చింది. 1950 జనవరి 26కు ముందు పన్ను కడుతూ వచ్చిన ఆస్తులకు మాత్రం రెండో ఖండం కొంత చోటు విడిచింది. పార్లమెంటు వద్దనేదాకా, అదే రాష్ట్రంలో ఆ పన్ను కొనసాగుతున్నంత కాలం, పాత పన్ను అలాగే నడవవచ్చు.

ఈ రెండు ఖండాల మధ్య ఇరుక్కున్నది కోసిగికి పాత జిల్లా కేంద్రమే. రైల్వే ఆస్తుల మీద పన్ను కోసం బళ్ళారి పురపాలక సంఘం పట్టిన పట్టు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. యూనియన్ ఆఫ్ ఇండియా, బళ్ళారి సిటీ మునిసిపల్ కౌన్సిల్ మధ్య 1978లో తీర్పు వచ్చింది. కేంద్ర ఆస్తికి మినహాయింపు సంపూర్ణం, రెండో ఖండం హద్దుల్లో నిలబడగలిగిన దావాకు మాత్రమే తావు అని కోర్టు చెప్పింది. బళ్ళారి లాంటి పాత పురపాలక సంఘానికే ఆ హద్దు అంత ఇరుకైతే, గ్రామ పంచాయతీ అందులో దూరడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

రైల్వేకు సొంత చట్టం కూడా ఒకటి కాపు కాస్తోంది. 1989 రైల్వేల చట్టం 184వ సెక్షను ప్రకారం, కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ఫలానా పన్ను కట్టాలని ప్రకటిస్తే తప్ప, స్థానిక సంస్థలకు రైల్వే ఏ పన్నూ బాకీ ఉండదు. నోటిఫికేషన్ వచ్చినా పన్ను కట్టవచ్చు, లేదా కేంద్రం నియమించిన అధికారి న్యాయమని తేల్చిన మొత్తం కట్టవచ్చు. అడిగేవాడు పంచాయతీ, ఇచ్చేది కేంద్రం, ఎంతివ్వాలో తేల్చేదీ కేంద్రం పెట్టిన అధికారే. 1941 నాటి రైల్వేల స్థానిక పన్నుల చట్టం నుంచీ ఆలోచనది ఇదే తీరు.

అదే సెక్షనులో ఇంకో ఉపవాక్యం ఉంది, దాని మీద ఎవరి దృష్టీ పెద్దగా పడదు. నీళ్ళు, దీపాలు, పారిశుధ్యం, మరే సేవ కోసమైనా స్థానిక సంస్థతో రైల్వే ఒప్పందం చేసుకోవడానికి పై నిబంధనలేవీ అడ్డం కావని అది చెబుతుంది. పన్ను తలుపు మూసిన చట్టమే ఒప్పందం తలుపు తెరిచి ఉంచింది.

స్టేషను ఆవరణ లోపలి ఊడ్పు, నీళ్ళు రైల్వే తానే చూసుకుంటుందన్నది నిజం. ఆవరణ దాటాక సంగతి వేరు. స్టేషనుకు వచ్చే దారి, దారి పక్కన వీధి దీపం, ప్రయాణికుల కోసం వెలిసే అంగళ్ళ చెత్త, వానొస్తే పొంగే మురుగు కాలువ, ఇవన్నీ పంచాయతీ నెత్తిన పడతాయి. ఆ దీపాల కరెంటు బిల్లు ఎంత బరువో 2021లో రాష్ట్రమంతా చూసింది. పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేస్తే సర్పంచులు రోడ్డెక్కారు.

మరి పన్నుకు బదులు ఏమీ లేదా అంటే, ఉంది. దాని పేరు సర్వీసు చార్జీ. 1954లో కేంద్ర ఆర్థిక శాఖ ఒక లేఖ రాసింది. ఆస్తిపన్ను కట్టకపోయినా, అందుకున్న సేవలకు స్థానిక సంస్థలకు చార్జీ చెల్లించాలన్నది దాని సారం. 1967లో దానికి లెక్క కట్టే పద్ధతి వచ్చింది. ఆ లేఖలు దశాబ్దాల పాటు ఫైళ్ళలో ఉండి, చెల్లింపులు అరకొరగా సాగి, చివరికి గుజరాత్‌లోని పురపాలక సంస్థలు కోర్టుకెక్కాయి. రాజ్‌కోట్ మునిసిపల్ కార్పొరేషన్ పేరుతో నడిచిన ఆ వ్యాజ్యంలో 2009 నవంబరు 19న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కేంద్రం ఆస్తిపన్ను కట్టనక్కర్లేదు, సర్వీసు చార్జీ మాత్రం కట్టాలి. సేవలన్నీ వాడుకుంటే ఆస్తిపన్నులో 75 శాతం, కొన్ని వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోయినా మూడో వంతు.

మూడో వంతు అన్న ఆ ఆఖరి మెట్టు చాలా ముఖ్యమైనది. రైల్వే తన నీళ్ళు తాను తోడుకుని, తన చెత్త తాను ఎత్తుకున్నా కొంత ఇచ్చుకోవాలన్న అంగీకారం అందులో ఉంది. ఊరు ఉన్నందువల్లే స్టేషను ఉంది, ఊరి రోడ్డు ఉన్నందువల్లే స్టేషనుకు జనం వస్తున్నారు అన్న ఎరుక ఆ భిన్నంలో దాగి ఉంది. లెక్కకు చూస్తే, ప్రైవేటు యజమాని చేతిలో ఉండి 10,000 రూపాయల పన్ను పడే కట్టడానికి, కేంద్ర ఆస్తిగా 7,500 గానీ 5,000 గానీ 3,333 గానీ రావాలి. సున్నా రాకూడదు.

కోర్టు మెట్లెక్కినవి నగరపాలక, పురపాలక సంస్థలు. వాటికి న్యాయ విభాగాలున్నాయి, ఇంజనీర్లున్నారు, రెవెన్యూ అధికారులున్నారు. గ్రామ పంచాయతీకి ఉన్నది ఒక కార్యదర్శి, ఒక బిల్లు కలెక్టరు. ఆస్తి విలువ కట్టి, సేవల జాబితా రాసి, డివిజను కార్యాలయంతో ఒప్పందం దాకా వెళ్ళడానికి అక్కడ మనిషి లేడు. ఆ ఒప్పందం కుదరనంత కాలం చార్జీ అనేది పుట్టదు. ఈ ఉపన్యాసం ఒత్తి చెప్పదలచినది అదే. ఢిల్లీ లేఖల మీద, కోర్టు ఉత్తర్వు మీద, ఇరుపక్షాల ఒప్పందం మీద ఆధారపడిన చెల్లింపు బలమున్న స్థానిక సంస్థకే దక్కుతుంది. కోసిగి లాంటి ఊరికి దక్కాలంటే అది చట్టంలో రాసి ఉండాలి, అడగకపోయినా ఖాతాలో పడాలి.

కేంద్రానికి చెందిన ప్రతిదానికీ మినహాయింపు ఉందనుకోవడం కూడా పొరపాటే, ఆ పొరపాటు వల్ల పంచాయతీలు నష్టపోతున్నాయి. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలో వాటాలన్నీ కేంద్రానివే అయినా, ఆ సంస్థ ఆస్తి కేంద్రం ఆస్తి కాదు. కోర్బాలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వ్యాజ్యంలో 1982లోనే సుప్రీంకోర్టు ఆ మాట అంది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అదే ఈసీఐఎల్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వేసిన వ్యవసాయేతర భూమి పన్నును 285 చూపించి తప్పించుకోబోయింది. 1999లో కోర్టు ఒప్పుకోలేదు. అదే ఏడు భారత ఆహార సంస్థకూ అదే జవాబు వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే 1964లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఆదాయం రాష్ట్ర ప్రభుత్వ ఆదాయం కాదని, ఆదాయపు పన్ను కట్టాలని ఇదే తర్కంతో తేలింది. 2000 అక్టోబరులో టెలికాం శాఖ సేవలు బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీ అయ్యాయి. మండల కేంద్రంలోని టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఏ పద్దులో ఉందో ఒక్కసారి రిజిస్టరు తిరగేయడం ప్రతి పంచాయతీకీ మంచిది.

రాష్ట్ర ప్రభుత్వం ఈ కథలో చూసే పాత్రకే పరిమితం కాదు. పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను పశువుల మేత పోరంబోకు, కళ్ళాలు, శ్మశానాలు, బండిదారులు, తోపులు పంచాయతీకి దఖలు పడతాయని చెబుతుంది. అదే సెక్షను వాటిని నోటిఫికేషనుతో వెనక్కి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. ఎకరాలకు ఎకరాలు సర్కారు భూమి ఉండటం రాయలసీమకు కొత్త ఆకర్షణ తెచ్చిపెట్టింది. పాత కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ళ మధ్య 2017లో పూర్తిస్థాయిలో నడకలోకి వచ్చిన 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు దాదాపు 5,900 ఎకరాల్లో పరుచుకుంది. ఆ కరెంటు రాష్ట్రానికి అవసరమే. అయితే గొర్రెలు మేసిన నేల అద్దాల కింద చేరాక, ఆ మేత మీద బతికిన ఊరికి ఏటా ఏం రావాలో చెప్పే సూత్రం భూమి ఇచ్చినప్పుడే రాసి ఉండాలి. గనుల విషయంలో 2015లో ఆ పని జరిగింది. జిల్లా ఖనిజ నిధికి పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం జమ కావాలని చట్టం కింద చేసిన నిబంధనలే చెబుతున్నాయి. నేల కింది రాయికి ఉన్న ఆ సూత్రం నేల మీది ఎండకూ, నేల మీది అడవికీ ఇంకా రాలేదు.

అడవి అంటే కడప. పాత కడప జిల్లా విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు అడవే. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో అక్కడి రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి సైతం ఆ పిట్ట కోసం మార్చారు. ప్రపంచంలో మరెక్కడా మిగలని పిట్ట కోసం ఆ మాత్రం చేయడం సబబే. ఆ కలివి పొదల చుట్టూ కట్టెలు కొట్టకుండా, పశువులను తోలకుండా ఆగిన పల్లెలు లోకానికంతటికీ మేలు చేస్తున్నాయి. ఆ మేలు ఖరీదు పంచాయతీ బడ్జెట్లో ఎక్కడా జమ కాదు. ఒకప్పుడు భూమిశిస్తు మీద స్థానిక సెస్సు ఉండేది. శిస్తే పోయాక దానికి ఆధారమూ పోయింది. నిర్మాణాలు లేని భూమి నుంచి పంచాయతీకి రాబడి వచ్చే పాత దారి అలా మూసుకుపోయింది.

ఇక్కడ ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ మనిషి పని గురించి చెప్పుకోవాలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టారు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్ళారు. ఆ జైలు కథ అందరికీ తెలుసు. దానికన్నా ఎక్కువ కాలం ఆయన మోసిన బరువు గ్రంథాలయోద్యమం, వయోజన విద్య. ఊరికో పుస్తకశాల ఉండాలని ఆంధ్రదేశమంతా తిరిగిన మనిషికి, పుస్తకాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న రోజూ ఎదురయ్యేదే. దాతల దయ ఎంతకాలం? 1948 మద్రాసు చట్టం ఆస్తిపన్నుకు గ్రంథాలయ సెస్సును ముడివేసింది. ఆయన కన్నుమూసిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. వసూలు చేసిన సెస్సు సంస్థకు చేరక బకాయిలు పేరుకోవడం వేరే బాధ. ఇక్కడి విషయం ఏమంటే, పన్ను లేని ఆస్తి మీద సెస్సూ లేదు. సర్వీసు చార్జీ వచ్చినా అది పన్ను కాదు కనుక దాని మీద 8 పైసలు పడవు. కోసిగి స్టేషనులో రైలు కోసం కాచుకుని కూర్చునే సుగ్గి కుటుంబపు పిల్లవాడికి ఊరి గ్రంథాలయంలో చేరాల్సిన పుస్తకం అక్కడే ఆగిపోతోంది. రేపు ఎవరైనా చట్టం రాస్తే, పన్నుకు బదులుగా ఇచ్చే మొత్తంలో గ్రంథాలయ సెస్సు వాటా కూడా కలిపి లెక్కించాలన్న ఒక్క వాక్యం అందులో చేర్చాలి.

చట్టం రాయమని అడిగినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో అధ్యక్షతన పదకొండో ఆర్థిక సంఘం, కేంద్రానివైనా రాష్ట్రానివైనా ప్రభుత్వ ఆస్తులన్నీ స్థానిక సంస్థలకు చార్జీలు కట్టేలా తగిన శాసనం ఉండాలని సూచించింది. ఆ తర్వాత కడప జిల్లా బిడ్డ యాగా వేణుగోపాలరెడ్డి అధ్యక్షతన పధ్నాలుగో ఆర్థిక సంఘం 2014 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ ఆస్తులకు స్థానిక సంస్థలు చేస్తున్న పౌరసేవలకు తగిన పరిహారం గురించి కేంద్రం, రాష్ట్రాలు లోతుగా పరిశీలించి, అవసరమైతే చట్టం చేయాలని కోరింది. అదే సంఘం అయిదేళ్ళకు పంచాయతీలకు 2,00,292 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. గ్రాంటు వచ్చింది. చట్టం రాలేదు. రెంటికీ తేడా ఉంది. గ్రాంటు జనాభాను, విస్తీర్ణాన్ని బట్టి ఢిల్లీ పంచే డబ్బు, ఏయే పనులకు వాడాలో షరతులతో వస్తుంది. పన్నుకు బదులు చెల్లింపు ఊరి సొంత రాబడి, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో గ్రామసభ తేల్చుకోవచ్చు.

బయటి దేశాలు ఈ చిక్కును చట్టంతోనే విప్పుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రం ఆడిరాండాక్ కొండల్లో తన అడవిని కాపాడుకుంటూనే, 1886 నుంచి ఆ అడవి భూముల మీద స్థానిక పట్టణాలకు ప్రైవేటు భూమికి కట్టినట్టే పన్ను కడుతోంది. పిట్టకూ పల్లెకూ మధ్య తగువు పెట్టకుండా ఉండాలంటే కడపకు అదే సరైన నమూనా. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1976లో చట్టం చేసి, తన భూములున్న కౌంటీలకు ఏటా చెల్లిస్తోంది. ఎకరాలు, జనాభా లెక్కలో ఉంటాయి, ఒప్పందం కోసం ఎవరూ తిరగనక్కర్లేదు. కెనడాలో 1950 నుంచి ఉన్న ఏర్పాటుకు 2000లో కొత్త చట్టం వచ్చింది, మొత్తం మీద పేచీ వస్తే సలహా ఇచ్చే స్వతంత్ర మండలి ఉంది. బ్రిటన్‌లో రాజప్రభుత్వ భవనాలకు ఉన్న మినహాయింపు 2000లో తీసేశారు.

రైల్వే వైపు నుంచి ఒక మాట వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. ప్యాసింజరు టిక్కెట్టు ధర పేదవాడికి అందేలా ఉంచడానికి రైల్వే నష్టం భరిస్తోంది, ఆ టిక్కెట్టుతో వలస పోయేది కోసిగి మనిషే, ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేయడం ఎందుకు అని. రెండు జేబులూ ఒకే చొక్కావి అయితే ఆ వాదన నిలుస్తుంది. రైల్వే లాభనష్టాలు దేశమంతటివి. వీధిదీపం బిల్లు కోసిగి ఒక్కదానిది. దేశమంతా పంచుకోవలసిన ఖర్చులో ఒక మూలను అతి పేద మండలం ఒంటరిగా మోయకూడదు. చిన్న స్టేషనుకు పడే సర్వీసు చార్జీ రైల్వే ఖాతాలో కనిపించేంత మొత్తం కూడా కాదు. పంచాయతీకి మాత్రం అది ఒక పారిశుధ్య కార్మికుడి జీతమో, బోరు మోటారు బాగుకు అయ్యే ఖర్చో కావచ్చు.

పార్లమెంటు కదిలేదాకా కాచుకోకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఊళ్ళోని కేంద్ర ఆస్తులకు, కేంద్ర కంపెనీల ఆస్తులకు వేర్వేరు జాబితాలు వేయవచ్చు. కంపెనీలకు మామూలు ఇంటిపన్ను నోటీసు ఇవ్వవచ్చు. రైల్వే కట్టడాలను పన్ను వేయకుండానే కొలిచి, పన్ను వేసి ఉంటే ఎంత అయ్యేదో రిజిస్టరులో చూపవచ్చు. అందించే సేవలు, అందించనివి నిజాయితీగా రాసి గ్రామసభ తీర్మానంతో గుంతకల్లు డివిజనల్ రైల్వే మేనేజరుకు పంపవచ్చు. ఆ లేఖలో 2009 ఉత్తర్వులోని మూడు భిన్నాలూ, 184వ సెక్షనులోని ఒప్పందపు ఉపవాక్యమూ ఉండాలి. ఈ పని కోసిగి ఒక్కటే చేస్తే ఫైలు ఒక్కటే. ఆదోని, ఇసివి, కుప్‌గల్, మంత్రాలయం రోడ్డు వరుసలో స్టేషన్లున్న స్థానిక సంస్థలన్నీ ఒకే నమూనాలో పంపితే డివిజను ఒకే పద్ధతిలో జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ నమూనా తయారు చేసి ఇవ్వాల్సింది జిల్లా పంచాయతీ అధికారి కార్యాలయం. అందుకు కొత్త జీవో అక్కర్లేదు, కొత్త పద్దు అక్కర్లేదు, ఈ ఆర్థిక సంవత్సరపు డిమాండు రిజిస్టరు రాసేలోపే మొదలుపెట్టవచ్చు.